మూడు సెంటీమీటర్ల కణం

పత్తి కొనుగోలు కేంద్రంలో బోరెం మూతి విప్పగానే కొనేవాడి చెయ్యి లోపలికి పోతుంది. పిడికెడు పత్తి తీసి, గింజను అంటుకున్న దూదిని పాయ తీసి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి చూస్తాడు. పింజ చూడటమంటే అదే. భారత పత్తి సంస్థ కొలతల ప్రకారం బన్నీ, బ్రహ్మ కోవ పత్తికి పింజ పొడవు 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు, పోగు దళసరిని చెప్పే మైకు అంకె 3.5 నుంచి 4.3 ఉండాలి. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సరుకు వెనక్కి. తేమ సంగతి ఎండకూ మంచుకూ రైతుకూ మధ్య వ్యవహారం. మిగిలిన రెండూ కాయ పగలడానికి చాలా ముందే తేలిపోతాయి. ప్రత్తిపాడు రేగడిలో నిలబడి చూసినా, పర్చూరు చేలల్లో తిరిగి చూసినా, అవి తేలే చోటు మాత్రం కంటికి ఆనదు.

ఆ చోటు ఒకే ఒక్క కణం. పత్తి పోగు కణాల వరస కాదు. గింజ పైపొరలోని ఒక కణమే బయటికి పొడుచుకొచ్చి అంత పొడవు సాగింది. మొక్కల్లో మామూలు కణం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప. ఇది మూడు సెంటీమీటర్లు ఉంటుంది, అడ్డకొలత మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతే. వెడల్పుకు పదిహేను వందల రెట్లు పొడవన్నమాట. ఒకప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వేసిన కోకనాడ పత్తి పింజ పొట్టిది. ఇప్పటి హైబ్రిడ్‌లది పొడుగుది. కణం సాగే తీరు రెండింటిలోనూ ఒకటే, సాగిన దూరంలోనే తేడా.

పత్తి పువ్వు తెల్లగా విచ్చుకున్న రోజునే పని మొదలవుతుంది. మర్నాటికి అదే పువ్వు ఎర్రబడుతుంది కాబట్టి చేలో ఏ పువ్వు ఈ రోజుదో, ఏది నిన్నటిదో పోల్చుకోవడం కష్టం కాదు. తెల్ల పువ్వు రేకులు తీసేసి, అడుగున ఉన్న పిందెను బ్లేడుతో నిలువునా చీలిస్తే నాలుగైదు అరల్లో తడితడిగా తెల్లటి అండాలు కనిపిస్తాయి. అవే రేపటి గింజలు. ఒక అండాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే పైపొర నున్నగా ఉండదు. దాదాపు ప్రతి నాలుగు కణాల్లో ఒకటి పైకి ఉబ్బి ఉంటుంది. అప్పటికి ఫలదీకరణం కూడా కాలేదు. కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు నుంచి మొలిచిన గొట్టం ఇంకా కీలంలోంచి కిందికి దిగుతూనే ఉంటుంది. అదీ ఒకే కణం, సన్నగా సాగేదే. ఒకే పువ్వులో, ఒకే రోజున, రెండు రకాల కణాలు సాగే పనిలో పడ్డాయి. పుప్పొడి గొట్టానికి ఉన్న వ్యవధి గంటలు, పోగుకు ఉన్నది సుమారు మూడు వారాలు. లోపల ఆ పని నడిపించే ప్రోటీన్లు మాత్రం రెండింటిలోనూ ఒకే కుటుంబానివి.

సాగాలంటే సరుకు కావాలి. ఎంత కావాలో ఒక లెక్క వేసి చూద్దాం. పోగు జోరు మీదున్నప్పుడు రోజుకు రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే నిమిషానికి ఒకటిన్నర మైక్రాన్లకు కాస్త తక్కువ. చుట్టుకొలత అరవై మైక్రాన్లు అనుకుంటే నిమిషానికి ఎనభై చదరపు మైక్రాన్లకు పైగా కొత్త పొర కావాలి. ఈ పొర అంచు దగ్గర పుట్టదు. కణం లోపల తయారై, మైక్రాన్‌లో పదో వంతు ఉండే చిన్న చిన్న పొరసంచులుగా అంచుకు వచ్చి అక్కడ కలిసిపోతుంది. ఒక్కో సంచి తెచ్చే పొర 0.03 చదరపు మైక్రాన్లు. భాగిస్తే నిమిషానికి మూడు వేలకు కాస్త తక్కువ సంచులు. ఇది కనీసపు లెక్కే. కలిసిన పొరలో కొంత మళ్ళీ లోపలికి పోతూ ఉంటుంది కనుక అసలు రద్దీ ఇంతకన్నా ఎక్కువ. ఒక్కో గింజ మీద ఇలాంటి పోగులు పది వేలకు పైనే.

సంచులు ఖాళీగా రావు. కణకవచానికి కావలసిన పెక్టిన్లు, హెమిసెల్యులోజ్‌లు కణంలోని గాల్జీ సంక్లిష్టం అనే భాగంలో తయారై వీటిలోనే ప్రయాణిస్తాయి. సెల్యులోజ్ మాత్రం కణం అంచున, ప్లాస్మా త్వచం దగ్గరే పోగుపడుతుంది. అయితే దాన్ని పేనే ఎంజైముల గుంపు మళ్ళీ ఈ సంచుల మీదే రావాలి. అదే సమయంలో ఇంకొన్ని సంచులు అటు కాకుండా కణం మధ్యనున్న రిక్తికకు పోవాలి, కొన్ని వెనక్కి తిరిగి అంతర్జీవద్రవ్యజాలం అనే పొరల వలకు చేరాలి. కణద్రవంలో బోర్డులు లేవు, దారి చెప్పేవాడు లేడు. మరి ఏ సంచి ఎక్కడ దిగాలో తేలేది ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో ప్రతి బస్తా మీదా ఒక మార్కా ఉంటుంది. ఏ కొట్టు ముందు దించాలో హమాలీకి అదే చెబుతుంది. పొరసంచుల మీద ఈ పని చేసేవి రాబ్ అనే చిన్న ప్రోటీన్లు. గాల్జీ నుంచి అంచుకు పోయే సంచి మీద ఒక రకం రాబ్, రిక్తికకు పోయేదాని మీద ఇంకో రకం. దిగాల్సిన చోట ఆ రాబ్‌ను గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు కాచుకుని ఉంటాయి. అయితే ఈ పోలిక ఇంతవరకే నడుస్తుంది. బస్తా దించాక కూడా మార్కా అలాగే ఉంటుంది. రాబ్ మాత్రం సరుకు చేరగానే తన గుర్తును తానే చెరిపేసుకుని, పొర మీంచి ఊడి, బయలుదేరిన చోటికే తిరిగి వెళ్ళి ఇంకో సంచి ఎక్కుతుంది. దీని ప్రత్యేకత అంతా ఆ చెరిపేసుకోవడంలోనే ఉంది.

రాబ్‌లో సుమారు రెండు వందల అమైనో ఆమ్లాలు ఉంటాయి. ప్రోటీన్లలో ఇది చిన్నదే. దాని మధ్యలో ఒక గుంట, ఆ గుంటలో గ్వానోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే అణువు కూర్చుంటుంది. పొడి అక్షరాల్లో జీటీపీ. జీటీపీ గుంటలో ఉన్నంతసేపు ప్రోటీన్‌లోని రెండు పాయలు ఒక భంగిమలో బిగిసి ఉంటాయి, ఇతర ప్రోటీన్లు వచ్చి దాన్ని పట్టుకుంటాయి. స్విచ్ వేసి ఉన్న స్థితి ఇది. జీటీపీలోని మూడో ఫాస్ఫేట్ ఊడిపోతే మిగిలేది జీడీపీ. అప్పుడు ఆ పాయలు వదులవుతాయి, స్విచ్ ఆరిపోతుంది. రాబ్ తోక చివర కొవ్వు గుణం ఉన్న గొలుసులు అతికి ఉంటాయి. వాటితోనే అది పొరలో గుచ్చుకుని నిలబడుతుంది. ఆరిపోయిన రాబ్‌ను పొర నుంచి లాగి, ఆ తోకను తనలో దాచుకుని మోసుకెళ్ళడానికి మరో ప్రోటీన్ ఉంది.

స్విచ్ వెయ్యడానికీ ఆర్పడానికీ వేర్వేరు ప్రోటీన్లున్నాయి. ఒక జట్టు జీడీపీని తోసేసి కొత్త జీటీపీకి చోటిస్తుంది. రెండో జట్టు ఫాస్ఫేట్ ఊడేలా చేస్తుంది. ఈ చిన్న ప్రోటీన్లు తమంతట తాము ఫాస్ఫేట్‌ను తెంచుకోలేవని కాదు, కానీ ఆ వేగం మరీ నత్తనడక. ఆర్పే ప్రోటీన్ పక్కన చేరితే అదే పని లక్ష రెట్ల వేగం అందుకుంటుంది. స్విచ్ ఎంతసేపు వెలగాలి, కణంలో ఏ మూల వెలగాలి అన్నది ఈ రెండు జట్లు ఎక్కడ కాచుకుని ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ కుటుంబంలో మొదట పేరుకెక్కింది రాస్. ఎలుకల్లో కణితులు తెచ్చే వైరస్‌ల ద్వారా బయటపడింది. 1982లో మనుషుల కణితుల్లోనూ రాస్ జన్యువులో ఒక్క అక్షరం మారిపోయి ఉండటం కనుక్కున్నారు. ఆ ఒక్క మార్పుతో స్విచ్ ఆరడం మానేస్తుంది, కణం విభజన ఆపడం మానేస్తుంది. రవాణా వైపు సంగతి ఈస్ట్ నుంచి తెలిసింది. 1979లో రాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్ స్రావం ఆగిపోయిన ఈస్ట్ రకాలను వేరుచేశారు. వాటి లోపల దిగే చోటు దొరకని సంచులు గుట్టలుగా పేరుకుపోయి కనిపించాయి. అలా దెబ్బతిన్న జన్యువుల్లో ఒకటైన సెక్4 రాస్ లాంటి చిన్న ప్రోటీన్‌కు ఆధారమని 1987లో తేలింది. సంచుల రవాణా మీద చేసిన కృషికి షెక్‌మన్, జేమ్స్ రోత్‌మన్, థామస్ స్యూడోఫ్‌లకు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొక్కల్లో అసలు రాస్ లేదు. ఆవాల కుటుంబానికి చెందిన చిన్న మొక్క అరాబిడాప్సిస్ జన్యువులన్నీ చదివి లెక్కపెడితే ఇలాంటి చిన్న జీటీపీ ప్రోటీన్లు 93 తేలాయి. అందులో రాబ్‌లు 57. సంచులు మొగ్గ తొడిగే దగ్గర పనిచేసే ఆర్ఫ్ కుటుంబానివి 21, కేంద్రకం గుమ్మంలో రాకపోకలు చూసే రాన్‌లు 4. మిగిలిన 11 రాప్‌లు. ఈ రాప్‌లు ఒక్క మొక్కల్లోనే ఉంటాయి. కణం ఏ వైపు సాగాలో నిర్ణయించడంలో వీటిది పెద్ద చెయ్యి.

పుప్పొడి గొట్టంలో రాప్ కొనదేలిన చోట మాత్రమే వెలుగుతుంది. పక్కలకు జరిగితే ఆర్పే ప్రోటీన్లు పట్టుకుంటాయి. వెలిగిన చోటికి ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల మీదుగా సంచులు వస్తాయి, కొన ముందుకు జరుగుతుంది. 1999లో రెండు బృందాలు వేర్వేరుగా ఈ స్విచ్‌తో ఆడి చూశాయి. ఆరిపోయిన స్థితిలోనే బిగుసుకుపోయిన రాప్‌ను పెడితే గొట్టం పెరగడం ఆగింది. అది ఎవరైనా ఊహించగలిగేదే. ఎప్పుడూ వెలుగుతూనే ఉండే రాప్‌ను పెడితే మాత్రం గొట్టం ఇంకా పొడుగు పెరగలేదు, బుడగలా ఉబ్బిపోయింది. సరుకు వస్తూనే ఉంది, దిక్కు పోయింది. మామూలు గొట్టంలో రాప్ నిలకడగా వెలగదని తర్వాత చూశారు. నిమిషానికి అటూ ఇటూగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ప్రతి పెరుగుదల వెనకాలే కొన ఒక్కో అడుగు ముందుకు వేస్తుంది. పొడుగు రావాలంటే స్విచ్ ఎక్కువసేపు వెలగాలనుకోవడం సహజమే, కానీ కణం లెక్క వేరు. దానికి సమయానికి ఆరడం కావాలి.

పత్తి పోగు సాగే తీరు పుప్పొడి గొట్టమంత సూటిగా లేదు. గొట్టం కొన దగ్గర మాత్రమే పెరుగుతుంది. పోగు కొన వైపు మొగ్గుతూనే ఒళ్ళంతా కూడా సాగుతుంది. ఆక్టిన్ దారులు చెడితే మాత్రం ఇక్కడా పని కుంటుపడుతుంది. అమెరికాలో లిగాన్ లింట్‌లెస్ అనే పొట్టి పింజ పత్తి మొక్క చాలా కాలంగా ఉంది. దాని పింజ 6 మిల్లీమీటర్లు దాటదు. ఒక ఆక్టిన్ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారిపోవడమే దానికి కారణమని 2017లో తేలింది.

పత్తిలోనే ఈ చిన్న స్విచ్‌లను నేరుగా పట్టుకున్నది 1995లో. డెబొరా డెల్మర్ అప్పుడు జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఉండేవారు. కాలిఫోర్నియాలోని కాల్‌జీన్ కంపెనీ శాస్త్రజ్ఞులతో కలిసి ఆమె పెరుగుతున్న పోగుల్లో పనిచేసే జన్యువులను వెతికితే రెండు రాప్ కుటుంబపు జన్యువులు దొరికాయి. వాటికి రాక్9, రాక్13 అని పేర్లు పెట్టారు. అందులో రాక్13 వ్యవహారం ఆసక్తికరం. పోగు సాగుతున్న తొలి రోజుల్లో అది పెద్దగా కనిపించదు. పూసిన పదిహేను, పద్దెనిమిది రోజులకు, సాగడం మందగించి లోపలి కవచం దళసరి కావడం మొదలయ్యే మలుపులో, ఒక్కసారిగా పెరుగుతుంది. మరుసటి ఏడాదే, 1996లో, ఇదే బృందం మొక్కల్లో సెల్యులోజ్ పేనే ఎంజైము జన్యువును మొట్టమొదటిసారి బయటపెట్టింది. అదీ పత్తి పోగుల్లోంచే. సెల్యులోజ్ కోసం వెతికేవాళ్ళకు పత్తి కన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? ఎండిన పోగులో తొంభై శాతానికి పైగా అదే.

రాక్13 చేసే పని ఏమిటన్నది 1999లో కొంత తెలిసింది. మన రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటు రసాయనాలు తయారుచేస్తాయి. వాటిని తయారుచేసే ఎంజైమును రెచ్చగొట్టేది రాప్‌లను పోలిన రాక్ అనే చిన్న ప్రోటీనే. పత్తి పోగులో కూడా సరిగ్గా ఆ మలుపు రోజుల్లోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పెల్లుబుకుతుంది. దాన్ని అడ్డుకుంటే లోపలి కవచం ఏర్పడటం దెబ్బతింటుంది. తెల్లకణం దాన్ని శత్రువు మీద ప్రయోగిస్తుంది. పోగు దాన్నే తన ఒంటికి సంకేతంగా వాడుకుంటుంది: సాగింది చాలు, ఇక గోడ కట్టు.

కొనుగోలు కేంద్రంలో అడిగే మైకు ఇక్కడ పుడుతుంది. కొంత దూదిని ఒక గదిలో దట్టించి గాలి ఊది, ఆ గాలికి ఎంత అడ్డు తగిలిందో కొలిచి ఈ అంకె చెబుతారు. సన్నని పోగులు, కవచం పలుచగా ఉన్న ముదరని పోగులు గాలిని ఎక్కువ అడ్డుతాయి, అంకె తగ్గుతుంది. మరీ మొద్దుగా ఉంటే అంకె పెరుగుతుంది. అంటే పొడవు మొదటి మూడు వారాల సరుకు రవాణా లెక్క, మైకు ఆ తర్వాతి మూడు వారాల సెల్యులోజ్ లెక్క. ఒకదాన్నుంచి ఇంకోదానికి మళ్ళించే మలుపులో ఉన్న స్విచ్‌లలో రాక్13 ఒకటి.

లోపల తయారైన సరుకును బయటికి పంపడం పత్తి కణానికే పరిమితం కాదు. మిరప చేను పక్కనే ఉంది కాబట్టి దాని సంగతీ చూడాలి. కారం గింజల్లో ఉంటుందని చాలామంది అంటారు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొర, దాని పైవరస కణాలు, కారాన్నిచ్చే కాప్సైసిన్ నిజానికి పుట్టేది అక్కడ. ఆ కణాలు దాన్ని తమలో ఉంచుకోవు, బయటి మైనపు పొర కిందికి నెడతాయి. పండుమిరపను చీల్చి, వెలుతురుకు ఎదురుగా పట్టి, భూతద్దంతో చూస్తే ఆ తెల్ల పొర మీద పసుపు కలిసిన చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. కారం నిలవ ఉన్నది వాటిలోనే. పొక్కు చిట్లితే పక్కనున్న గింజలకు అంటుకుంటుంది. గింజ కారానికి కారణం అంతే. కారం లేని రకాల్లో ఈ పొక్కులే ఉండవు.

మిరపకు దగ్గరి చుట్టం టొమాటో. ఈ స్విచ్‌లతో ఆడుకుంటే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. టొమాటో పండుతున్నప్పుడు కణకవచాన్ని కరిగించే ఎంజైములు పొరసంచుల్లోనే బయటికి వస్తాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు రాబ్11 అనే స్విచ్‌ను తగ్గించిన టొమాటో మొక్కలు పెంచి 2001లో ఫలితాలు ప్రకటించారు. కాయలు ఎప్పటిలాగే ఎర్రబడ్డాయి, కానీ మెత్తబడలేదు. లారీలో నలగని టొమాటో, వ్యాపారి కల. అయితే మొక్క మాత్రం మొక్కలా లేదు. కొమ్మలు వేసే తీరు మారింది, పూగుత్తులు చీలిపోయాయి, పువ్వుల ఆకారం చెడింది, ఆకుల మీద పిలకలు మొలిచాయి. ఒక స్విచ్ ఒక్క పనికే ఉంటే కాయ మాత్రమే మారేది. అదే రాబ్ కాండంలోనూ మొగ్గలోనూ వేరే వేరే సరుకు మోస్తోంది.

అందుకే చిన్న జీటీపీ ప్రోటీన్లతో పంటలు మార్చేస్తామన్న ప్రకటనలు చదివేటప్పుడు ఆ టొమాటోను గుర్తుంచుకోవడం మంచిదనిపిస్తుంది. ఇటువంటి పరిశోధన మన చుట్టుపక్కలా జరిగింది. ప్రకాశం జిల్లా తీరం పొడవునా, చవుడు నేలల్లో, రోడ్ల వెంట, చెరువు కట్టల మీద ఎవరూ నాటకుండానే పెరిగే సర్కారు తుమ్మ తెలియనివాళ్ళు లేరు. ఉప్పు నేలలో కూడా అది ఎలా నిలబడుతుందో చూడటానికి చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దాని నుంచి ఒక రాబ్ జన్యువును తీసి పొగాకులో పెట్టారు. ఆ పొగాకు ఉప్పును ఎక్కువగా తట్టుకుందని 2011లో ప్రచురించారు. పొగాకు మన ఒంగోలు వైపు పంటే గానీ, ఈ ప్రయోగానికి దాన్ని ఎంచుకున్నది ప్రయోగశాలలో లొంగే మొక్క కాబట్టి. అంతకు ముందు, 2008లో, ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజినీరింగ్ కేంద్రంలో ఎస్.కె. సోపోరి, ఎం.కె. రెడ్డి బృందం సజ్జలోని రాబ్7తో ఇలాంటి ఫలితమే చూపించింది. తర్వాత అదే జన్యువును వరిలోనూ పెట్టి చూశారు. రాబ్7 రిక్తికకు పోయే సంచులను దించే స్విచ్. వేరులోంచి లోపలికి వచ్చిన ఉప్పును కణద్రవంలో ఉంచకుండా రిక్తికలోకి తోసెయ్యడం మొక్కకు ఉన్న ఆత్మరక్షణల్లో ఒకటి. ఇవన్నీ కుండీల్లో, ప్రయోగశాలల్లో వచ్చిన ఫలితాలు. పొలంలో ఉప్పు ఒక్కటే రాదు. దానితో పాటు తెల్లదోమ వస్తుంది, తామర పురుగు వస్తుంది, బెట్ట వస్తుంది.

పత్తిలో పని జరగాలంటే స్విచ్‌ను మొక్కంతా మార్చడం కాక, పోగులో మాత్రమే, సాగే రోజుల్లో మాత్రమే కదిలించే దారి వెతకాలి. పోగు కణంలో మాత్రమే మేల్కొనే జన్యు భాగాలు తెలుసు కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు. గుంటూరు పక్కన లాం ఫారంలో ప్రజననం చేసేవాళ్ళు మాత్రం ఈ పేర్లతో పని లేకుండానే, సంకరాల్లో పొడుగు పింజ వచ్చినదాన్ని ఏరుకుంటూ వచ్చారు. అలా ఏరుకున్న ప్రతిసారీ వాళ్ళు పింజతో పాటు ఆ కణం లోపలి రవాణా తీరును కూడా ఏరుకున్నారు.

సరుకు అంచుకు చేరడం ఒక్కటే చాలదు, లోపలి నీటి ఒత్తిడి కూడా పొరను ముందుకు నెట్టాలి. 2001లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చూపించినదాని ప్రకారం, పోగు జోరుగా సాగే రోజుల్లో పక్క కణాలతో తనను కలిపే సన్నని దారులను మూసేసుకుంటుంది. చక్కెరను, పొటాషియాన్ని లోపలికి గుంజుకుని, నీళ్ళు పీల్చి, ఒత్తిడి పెంచుకుంటుంది. పూసిన పదహారో రోజు ప్రాంతంలో ఆ దారులు మళ్ళీ తెరుచుకుంటాయి. ఆ మధ్య రోజుల్లో రేగడి నెర్రెలిచ్చి మొక్క వాడిపోతే ఒత్తిడి పడిపోతుంది, పింజ పొట్టిదవుతుంది. తర్వాత తడి పెట్టినా ఆ కాయలో పింజ ఇక పెరగదు, ఎందుకంటే అప్పటికి కణం గోడ కట్టే పనిలోకి దిగిపోయింది. ఆ గోడ కట్టే రోజులు డిసెంబరు చలి రాత్రుల్లో పడితే సెల్యులోజ్ తయారీ మందగిస్తుంది. ఆఖరి తీతల్లో పొడవు బాగానే ఉండి మైకు మాత్రం తక్కువ రావడానికి ఒక కారణం ఇదే.